మధ్యలో కూర్చున్న పెద్దమనిషి: సిసిలీ మాఫియా పాలనలోకి ఎలా వచ్చింది

1959 నవంబర్ 28, శనివారం. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ దీవి, దాని రాజధాని పలెర్మో. నగరం నడిబొడ్డున విల్లా డెలియెల్లా అని ఒక అందమైన భవంతి ఉండేది. ఎర్నెస్తో బాసిలె అనే పేరుమోసిన ఆర్కిటెక్ట్ గీసిన ఇల్లు. కొద్ది రోజులు ఆగితే దానికి యాభై ఏళ్లు నిండేవి. నిండితే వారసత్వ కట్టడంగా చట్టం రక్షణ దొరికేది. ఆ శనివారం ఆఫీసులు కట్టేసే వేళకి కూల్చేవాళ్లు గేటు దాటి లోపలికొచ్చారు. వాళ్ల దగ్గర మున్సిపాలిటీ అనుమతి కాగితం ఉంది. ఎవరైనా అభ్యంతరం చెప్పి ఆపించేలోపే ఆ ఇల్లు మళ్లీ నిలబెట్టడానికి వీల్లేకుండా పోయింది. ఆ తర్వాత అక్కడ కట్టిందీ ఏమీ లేదు. దశాబ్దాలపాటు ఆ జాగాలో కార్లు పార్క్ చేసుకున్నారు.

ఆ రోజు ఎవరి మీదా తూటా పేలలేదు. ఎవరినీ బెదిరించినట్టు కేసు లేదు. జరిగిందల్లా ఒక దరఖాస్తు, ఒక సంతకం, ఒక స్టాంపు. మాఫియా అనగానే మనకు తుపాకులు, శవాలు గుర్తొస్తాయి. వాటి గురించీ చెప్పుకోవాలి. కానీ నేరం ఒక వ్యవస్థగా మారి సమాజాన్నీ ప్రభుత్వాన్నీ తనకు కావలసినట్టు మలుచుకునే తీరు అర్థం కావాలంటే ఆ కాగితం దగ్గర మొదలుపెట్టాలి. సంతకం పెట్టించగలిగినవాడికి తుపాకీతో పెద్దగా అవసరం పడదు.

సిసిలీకి వెళ్లేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం మా బాబాయి రెండొందల గజాల స్థలం కొన్నాడు. ఒకరోజు వెళ్లి చూస్తే ఎవరో కడీలు పాతి కంచె వేసేశారు. పోలీస్ స్టేషన్‌కి పోతే ఇది సివిల్ తగాదా, కోర్టుకెళ్లమన్నారు. లాయరు ఎనిమిదేళ్లో పదేళ్లో పడుతుందన్నాడు. అప్పుడే తెలిసినవాళ్లెవరో ‘ఒక అన్న ఉన్నాడు, సెటిల్ చేస్తాడు’ అని చెప్పారు. పది రోజుల్లో కంచె పోయింది. స్థలం విలువలో కొంత అన్నకి ముట్టింది. ఆ రాత్రి మా ఇంట్లో అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం, ఆ మాట దాచను. ఆ తర్వాతి ఎన్నికల్లో అన్న మనుషులు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, ‘మనోళ్లకే వెయ్యాలి బాబాయ్’ అన్నారు. మా బాబాయి షట్టరు ఖాళీ అయినప్పుడు ఎవరికి అద్దెకివ్వాలో, ఎంతకివ్వాలో కూడా అన్నే చెప్పాడు. ఎవరూ గొంతు పెంచలేదు. ఎవరూ కొట్టలేదు. ఒక పని చేసిపెట్టారు, ఆ రుణం తీరడం లేదు, అంతే.

మాఫియాలో చేరినవాళ్లు తమను తాము మాఫియా అని పిలుచుకోరు. ‘మర్యాద గలవాళ్లం’ అంటారు. మన మాటలో చెప్పాలంటే పెద్దమనుషులు. ఈ పెద్దమనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చూస్తే మా బాబాయి కథే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

సిసిలీలో 1812లో జమీందారీ హక్కులు రద్దయ్యాయి. 1861లో ఇటలీ ఒక్క దేశమైంది. భూములు చేతులు మారడం మొదలైంది, కొత్త యజమానులు పుట్టుకొచ్చారు. కానీ ఆ ఆస్తికి కాపలా కాయాల్సిన ప్రభుత్వం మాత్రం దూరంగా, బలహీనంగా ఉంది. అది ఊళ్లోకి వచ్చేది పన్ను వసూలుకి, కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోవడానికి. తగాదా తీర్చమంటే మాత్రం కనిపించదు.

పలెర్మో చుట్టూ ఉన్న మైదానాన్ని బంగారు గిన్నె అనేవారు. దాని నిండా నిమ్మ, నారింజ తోటలే. ఓడల మీద నెలల తరబడి తిరిగే నావికులకు పళ్ల చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు నిమ్మరసంతో తగ్గుతుందని తేలాక బ్రిటిష్ నౌకాదళం దాన్ని వాడటం మొదలుపెట్టింది. నిమ్మకాయకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. కానీ నిమ్మతోట చాలా సున్నితమైన పెట్టుబడి. గోడ కట్టాలి, నీళ్లు పారించాలి, కాపుకి ఏళ్లు ఎదురు చూడాలి. ఇంతా చేశాక ఒక్క రాత్రి దొంగలు పడితే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. నీటి కాలువ ఎవడైనా కట్టేస్తే చెట్లే ఎండిపోతాయి. అందుకని రైతు కావలివాణ్ణి పెట్టుకున్నాడు. ఆ కావలివాడికి దొంగలు తెలుసు. చాలాసార్లు వాడి మనుషులే దొంగలు. జీతం ఇచ్చినవాడి తోట నిలిచింది, ఇవ్వనివాడి కాయలు మాయమయ్యాయి.

కంచే చేను మేస్తే అని మనకో సామెత ఉంది. ఇక్కడ ఇంకో మెలిక చూడాలి. ఆ కంచె కొంచెమే మేసి, మిగతా పశువుల్ని లోపలికి రానివ్వలేదు. అందుకే రైతు లెక్క వేసుకుని ఒప్పుకున్నాడు. భయంతోనే కాదు, లాభనష్టాలు చూసుకుని కూడా ఒప్పుకున్నాడు. 1876లో లియోపోల్దో ఫ్రాంకెట్టి అనే యువకుడు ఉత్తరాది నుంచి వచ్చి దీవంతా తిరిగి పరిశీలించి, ఇక్కడ హింస ఒక పరిశ్రమలా నడుస్తోందని రాశాడు. ఆ మాట ఇప్పటికీ సరిపోతుంది. పరిశ్రమ అన్నాక ఒక సరుకు ఉండాలి. మాఫియా అమ్మిన సరుకు రక్షణ. కొనేవాడు ఉన్నంతకాలం అమ్మేవాణ్ణి జైల్లో పెడితే ఇంకొకడు వస్తాడు.

ఆ పరిశ్రమ రాజకీయం దాకా పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1893 ఫిబ్రవరి 1న పలెర్మో వెళ్లే రైల్లో, ఫస్ట్ క్లాస్ పెట్టెలో ఎమనుయేలె నోతార్‌బార్తొలో అనే పెద్దమనిషిని 27 సార్లు పొడిచి, శవాన్ని బయటికి తోసేశారు. ఆయన అచ్చమైన పెద్దమనిషి, ఒకప్పటి పలెర్మో మేయరు, బ్యాంక్ ఆఫ్ సిసిలీని చక్కదిద్దిన మాజీ అధిపతి. ఆ బ్యాంకు డబ్బును ఇష్టారాజ్యంగా వాడుకోనివ్వలేదు. చంపించాడన్న ఆరోపణ రాఫాయెలె పలిత్సోలో అనే పార్లమెంటు సభ్యుడి మీద వచ్చింది. 1902లో బొలోన్యా కోర్టు శిక్ష వేసింది. పైకోర్టు దాన్ని కొట్టేసింది. 1904లో ఫ్లోరెన్స్‌లో సాక్ష్యాలు చాలవని వదిలేశారు. పలిత్సోలో పలెర్మోకి తిరిగొస్తే సంబరాలు చేశారు. మామూలు జనం, చదువుకున్నవాళ్లు కూడా ఆయన వెనక నిలబడ్డారు. ‘మనవాణ్ణి ఉత్తరాదివాళ్లు అవమానించారు’ అన్న మాట హత్య కన్నా పెద్దదైపోయింది. నేరగాడి మీద నేరారోపణని ప్రాంతం మీద, కులం మీద దాడిగా మార్చి చూపించడం ఎంత పాతదో ఇక్కడ తెలుస్తుంది.

ముస్సోలినీ కాలంలో చేజారె మోరి అనే ప్రిఫెక్టు (మన కలెక్టరు లాంటి అధికారి) ఊళ్లను చుట్టుముట్టి వేలమందిని జైళ్లలో వేశాడు. చిన్నవాళ్లు నలిగిపోయారు, పెద్దవాళ్లలో చాలామంది సర్దుకున్నారు. 1943లో మిత్రరాజ్యాల సైన్యాలు దిగాక పాత ముఖాలు మళ్లీ వీధిలోకి వచ్చాయి.

ఆ తర్వాతి పదేళ్లను నేను ముఖ్యం అనుకుంటాను. అప్పుడే మాఫియాకి ప్రభుత్వంలో ఒక పని దొరికింది. యుద్ధం అయ్యాక భూమిలేని కూలీలు బీడు భూములు ఆక్రమించుకోవడం మొదలుపెట్టారు. 1947 ఏప్రిల్‌లో సిసిలీ ప్రాంతీయ ఎన్నికల్లో వామపక్షాలకి ఎక్కువ ఓట్లొచ్చాయి. మే 1న పోర్తెల్లా దెల్లా జినేస్త్రా అనే కొండ కనుమలో మేడే జరుపుకుంటున్న రైతు కూలీల మీద సాల్వతోరె జూలియానో అనే బందిపోటు ముఠా తుపాకులు పేల్చింది. పిల్లలతో కలిపి పదకొండు మంది చనిపోయారు. మరుసటి ఏడాది కొర్లెయోనె ఊళ్లో ప్లాచిదో రిత్సోత్తో అనే కూలీ సంఘం నాయకుణ్ణి ఎత్తుకుపోయి చంపి ఒక కొండ బిలంలో పడేశారు. ఆయన ఎముకలు దొరికి, అవి ఆయనవే అని తేలేసరికి 2012 వచ్చింది. భూమి అడిగినవాడికి, ఓటుతో ప్రభుత్వాన్ని మార్చాలనుకున్నవాడికి ఎదురు నిలబడే మనిషి చాలామందికి అక్కరకొచ్చాడు. కమ్యూనిస్టులు గెలవకుండా ఉంటే చాలనుకున్న రోజుల్లో, ఎవరి సాయం తీసుకుంటున్నామని రోమ్‌లో గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

ఓటు ఎలా అందించేవారన్నది వివరంగా చెప్పుకోవాల్సిన విషయం. రహస్య ఓటింగ్ ఉన్నప్పుడు నువ్వు నాకే వేశావని ఎలా తెలుస్తుంది? అప్పట్లో ఇటలీలో ఓటరు పార్టీ గుర్తు మీద పెన్సిలుతో గీత పెట్టడమే కాక, ఆ పార్టీ జాబితాలోంచి ముగ్గురు నలుగురు అభ్యర్థుల్ని పేరుతో గానీ నంబరుతో గానీ ఎంచుకోవచ్చు. ఆ వెసులుబాటులోనే కిటుకు ఉంది. నీకు 4, 17, 9 అని చెప్తారు. మీ తమ్ముడికి 9, 4, 22. కావలసిన అభ్యర్థి నంబరు అందరికీ ఒకటే, పక్కన రాసే నంబర్లు, వాటి వరస మాత్రం ఇంటింటికీ వేరు. లెక్కింపు బల్ల దగ్గర తమ మనిషి కూర్చుంటాడు. ఏ కూర్పు వచ్చిందో, ఏది రాలేదో చూసుకుంటాడు. బ్యాలెట్ మీద పేరు లేకపోయినా సంతకం పెట్టినట్టే. 1991 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి ఒక్క అభ్యర్థినే ఎంచుకునేట్టు మార్చేదాకా ఇది నడిచింది. ఒక చిన్న సాంకేతిక సవరణ ఎంత పని చేస్తుందో చూడండి. ఎన్నికల సంస్కరణలంటే విసుగ్గా ఉంటాయని వదిలేస్తాం. అవతలివాళ్లు మాత్రం వాటిని అక్షరం అక్షరం చదువుతారు.

ఓట్లు వెళ్లినవైపు నుంచి పర్మిట్లు తిరిగొచ్చాయి. 1958లో సాల్వో లీమా పలెర్మో మేయరయ్యాడు. వీతో చాన్చిమీనో పబ్లిక్ వర్క్స్ చూసేవాడు. ఆయనకు తర్వాత మాఫియా సంబంధాల కేసులో శిక్ష పడింది. ఆ కొద్ది ఏళ్లలో నాలుగు వేలకు పైగా కట్టడాల అనుమతులిస్తే, అందులో సగానికి పైగా నలుగురైదుగురు బినామీల పేరు మీద వెళ్లాయి. ఒకప్పుడు మాఫియాని పుట్టించిన ఆ నిమ్మతోటల మీదే అపార్ట్‌మెంట్లు లేచాయి. విల్లా డెలియెల్లా కూలింది ఆ ఊపులోనే. పలెర్మో జనం దాన్ని నగర దోపిడీ అంటారు.

రోడ్లు, ఆనకట్టలు, ఆసుపత్రుల టెండర్లలో కూడా ఇదే. మన దగ్గర కాంట్రాక్టర్లు ‘రింగు అయ్యారు’ అంటాం చూడండి, అదే. ఈసారి పని ఎవరికి, మిగతావాళ్లు ఎంత ఎక్కువ కోట్ చేసి పక్కకి తప్పుకోవాలి, వచ్చేసారి ఎవరి వంతు, అన్నీ ముందే ఒక బల్ల చుట్టూ తేలిపోయేవి. ఆ ఏర్పాటుని వాళ్లు ‘చిన్న బల్ల’ అనే పిలిచేవారు. కాంట్రాక్టర్లకి ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండదు. మాట తప్పితే ఏమవుతుందో అందరికీ తెలిసేలా మధ్యలో ఒకడు కూర్చోవాలి. మాఫియా చేసింది ఆ మధ్యవర్తి పనే. నాయకుడికి వాటా, అధికారికి వాటా, మధ్యవర్తికి వాటా పోగా మిగిలినదాంతో సిమెంటు కలిపారు. అందులో ఇసుకే ఎక్కువైతే ఆ వంతెన కింద నడిచేవాడు ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి?

కిందిస్థాయిలో, అంటే కిరాణా కొట్టు, బేకరీ, కాఫీ దుకాణం స్థాయిలో, ఈ వ్యవస్థ పేరు పిత్సో. సిసిలీ మాటలో పిట్ట ముక్కు అని అర్థం. మనం చేయి తడపడం అంటాం, వాళ్లు ముక్కు తడపడం అంటారు. పిట్ట అందరి గిన్నెలోనూ ఒక్క చుక్కే ముంచుకుంటుంది. ఆ చుక్క కొద్దిగానే ఉండేలా చూసుకోవడం వాళ్ల తెలివి. షాపు మూతపడేంత అడిగితే యజమాని పోలీసుల దగ్గరికి పోతాడు. పోవాలనిపించనంత అడిగితే అది కరెంటు బిల్లులా నెలవారీ ఖర్చుల్లో కలిసిపోతుంది. చుట్టూ అందరూ కడుతుంటే కట్టనివాడే తప్పు చేస్తున్నట్టు కనిపిస్తాడు.

పలెర్మోలో లీబెరో గ్రాస్సి అనే ఆయన బట్టల ఫ్యాక్టరీ నడిపేవాడు. 1991 జనవరి 10న అక్కడి దినపత్రికలో వసూళ్లకు వచ్చేవాణ్ణి ఉద్దేశించి బహిరంగ లేఖ రాశాడు. డబ్బు కట్టనని, పోలీసులకు చెప్పానని అందులో తేల్చి చెప్పాడు. తోటి వ్యాపారులు ఆయన పక్కన నిలబడలేదు. అదే ఏడాది కతానియాలో ఒక జడ్జి, వ్యాపారం కాపాడుకోవడానికి మామూళ్లు కట్టడం నేరం కాదని తీర్పిచ్చాడు. ఆగస్టు 29 ఉదయం ఇంటి దగ్గరే గ్రాస్సిని కాల్చేశారు. తూటా మాఫియాదే. కానీ దాదాపు ఎనిమిది నెలలపాటు ఆయన్ని ఒంటరిగా, అందరికీ కనిపించేలా నిలబెట్టింది ఊరు. నాకు ఈ మొత్తం కథలో మింగుడుపడని భాగం ఇదే.

ఇక ప్రభుత్వం ఎదురు తిరిగిన సంగతి. చాలాకాలం కోర్టులు ఒక్కో హత్యని ఒక్కో కేసుగా చూసేవి. సాక్షులు నోరు విప్పరు, కేసు పోతుంది. 1968లో కతంజారోలో, 1969లో బారీలో జరిగిన పెద్ద విచారణల్లో దాదాపు అందరూ బయటపడ్డారు. సాక్షి మాట్లాడకపోవడమే ఈ నేరానికి అసలు గుర్తు అని పట్టుకున్నవాడు పియో లా తోర్రె. పేద రైతు కుటుంబం నుంచి వచ్చి, కూలీ సంఘాల్లో ఎదిగి, కమ్యూనిస్టు పార్టీ తరఫున పార్లమెంటుకి వెళ్లాడు. ఆయన రాసిన బిల్లులో రెండు కొత్త సంగతులున్నాయి. మాఫియా సంఘంలో సభ్యుడిగా ఉండటమే నేరం. ఎలా సంపాదించాడో చూపించలేని ఆస్తి జప్తు.

బిల్లు మూలపడి ఉంది. 1982 ఏప్రిల్ 30న లా తోర్రెనీ ఆయన డ్రైవర్‌నీ చంపేశారు. పలెర్మో ప్రిఫెక్టుగా వచ్చిన జనరల్ కార్లో అల్బెర్తో దల్లా కియేజాని సెప్టెంబర్ 3న భార్యతో సహా కారులో కాల్చేశారు. వెంట వస్తున్న పోలీసు కూడా తర్వాత ప్రాణాలు వదిలాడు. నిజాయితీ గల పలెర్మో జనం ఆశ ఇక్కడ చచ్చిపోయిందని మర్నాడు ఎవరో ఆ చోట రాసి పెట్టారు. పది రోజుల్లో, సెప్టెంబర్ 13న, ఆ బిల్లు చట్టమైంది.

ఆ చట్టంతో శిక్షాస్మృతిలో చేరిన అధికరణం 416-బిస్ చదివితే సమాజ శాస్త్రం చదివినట్టుంటుంది. ఒక సంఘం తన పేరు పుట్టించే భయాన్ని, దానివల్ల జనంలో వచ్చే లొంగుబాటునీ మౌనాన్నీ వాడుకుని వ్యాపారాలు, అనుమతులు, ప్రభుత్వ కాంట్రాక్టులు చేజిక్కించుకుంటే అది మాఫియా. స్వేచ్ఛగా ఓటు వేయకుండా అడ్డుకోవడాన్ని 1992లో చేర్చారు. నోరు విప్పని ఊరు అప్పటిదాకా నిందితుడికి వరం. ఇప్పుడు ఆ మౌనమే సాక్ష్యంలో భాగమైంది.

ఇక్కడ మన చట్టం గుర్తుకు రాక మానదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరం గురించి. ముఠాలో సభ్యుడిగా ఉన్నా కనీసం ఐదేళ్ల జైలు అని అదీ చెప్తుంది. కానీ అది వర్తించాలంటే గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు దాఖలై, కోర్టు వాటిని విచారణకు తీసుకుని ఉండాలి. పోలీసులు ఎవరి మీద పడితే వాళ్ల మీద ప్రయోగించకుండా ఆ షరతు ఒక అడ్డుకట్ట, అది అవసరమే. మరి ఊరంతా భయపడి ఎవరూ ఫిర్యాదు చేయని మనిషి సంగతి ఏమిటి? నిజంగా పెద్దవాడి మీద చార్జిషీట్ ఉండదు. మా బాబాయి స్థలం సెటిల్ చేసిన అన్న మీద ఆ రోజుకి ఒక్క కేసు లేదు.

చట్టం వచ్చింది, దాన్ని నడిపే మనుషులు కావాలి. పలెర్మో కోర్టులో రొక్కో కిన్నీచి అనే దర్యాప్తు జడ్జి తన కింది వాళ్లందరినీ కలిపి పని చేయించడం మొదలుపెట్టాడు. 1983 జూలైలో కారు బాంబుతో ఆయన్ని చంపారు. తర్వాత వచ్చిన అంతొనీనో కపొన్నెత్తో ఆ జట్టుని గట్టిపరిచాడు. ఒకరికి తెలిసింది అందరికీ తెలియాలి, అప్పుడు ఒకర్ని చంపినా దర్యాప్తు చావదు, ఇదీ వాళ్ల సూత్రం. ఆ జట్టులోని జడ్జి జోవాన్ని ఫాల్కోనె బ్యాంకుల్లో చెక్కులు తెప్పించుకుని ఒక్కొక్కటీ చూసేవాడు. హెరాయిన్ చేతులు మారితే జాడ ఉండదు, డబ్బు మారితే కాగితం మిగులుతుంది. 1984లో బ్రెజిల్ నుంచి తెచ్చిన మాఫియా సభ్యుడు తొమ్మాసో బుషెత్తా ఆ ముఠా లోపలి నిర్మాణమంతా ఆయనకు విప్పి చెప్పాడు.

1985 వేసవిలో ప్రాణభయం ఉందని ఫాల్కోనెనీ, జట్టులోని ఇంకో జడ్జి పాఓలో బోర్సెల్లీనోనీ కుటుంబాలతో సహా ఆసినారా అనే జైలు దీవికి తరలించారు. నేరాభియోగ పత్రం పని అక్కడ సాగింది. ఎనిమిది వేల పైచిలుకు పేజీలు. తర్వాత ఆ దీవిలో ఉన్నన్నాళ్లకీ బస ఖర్చు కట్టమని ప్రభుత్వం వాళ్లకే బిల్లు పంపింది. ఆ ఒక్క బిల్లులో అప్పటి ఇటలీ మొత్తం ఉంది: ఒక చేత్తో కాపాడుతోంది, ఇంకో చేత్తో వాళ్లెవరో తెలియనట్టు ఉంది.

1986 ఫిబ్రవరి 10న ఉచ్చర్దోనె జైలు పక్కనే కాంక్రీటుతో కట్టిన కోర్టులో 475 మంది మీద విచారణ మొదలైంది. 1987 డిసెంబర్ 16న తీర్పు. 346 మందికి శిక్షలు, 19 మందికి యావజ్జీవం, మిగతావాళ్లకి అన్నీ కలిపి 2,665 ఏళ్ల జైలు. పాత రోజుల్లోలాగే పైకోర్టులో అంతా కొట్టుకుపోతుందని లోపలున్నవాళ్లు ధీమాగా ఉన్నారు. 1992 జనవరి 30న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

బేరం తెగింది. మార్చి 12న మొందెల్లో తీరంలో సాల్వో లీమాని కాల్చేశారు. పర్మిట్ల కాలం నాటి ఆ మేయరే. అప్పటికి యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు, ఏడుసార్లు ప్రధాని అయిన జూలియో అంద్రెయోత్తికి సిసిలీలో కుడిభుజం. తీర్పుని ఆపలేకపోయినందుకే చంపారని లొంగిపోయినవాళ్లు తర్వాత చెప్పారు. మే 23న కాపాచి దగ్గర హైవే కింద మందుగుండు పెట్టి ఫాల్కోనెనీ, ఆయన భార్య ఫ్రాంచెస్కా మోర్వీల్లోనీ, ముగ్గురు అంగరక్షకుల్నీ చంపారు. జూలై 19న తల్లిని చూడటానికి వెళ్లిన బోర్సెల్లీనోని, ఐదుగురు పోలీసులతో పాటు, ఆమె ఇంటి గేటు ముందే చంపారు. అంద్రెయోత్తి మీద కేసు నడిచి 2003లో అప్పీలు కోర్టు, 1980 వసంతం దాకా ఆయనకు మాఫియాతో సంబంధం ఉందని, కానీ ఆ నేరానికి కాలదోషం పట్టిందని తేల్చింది. ఆ తర్వాతి కాలానికి నిర్దోషి అంది. శిక్ష లేదు. చనిపోయేదాకా సెనేటర్‌గానే ఉన్నాడు.

1992 వేసవిలో పలెర్మో ఆడవాళ్లు బాల్కనీల్లో తెల్ల దుప్పట్లు వేలాడదీశారు. కొన్నిటి మీద ‘ఇక చాలు’ అని రాసి ఉంది. నూరేళ్లుగా కిటికీలు మూసుకోవడం అలవాటైన ఊళ్లో దుప్పటి వేలాడదీయడమంటే మా ఇల్లు ఇదీ, మా పేరు ఇదీ అని చెప్పడమే. అక్కడి నుంచి పన్నెండేళ్లకి, 2004 జూన్‌లో, ఒక తెల్లవారి ఊరి స్తంభాలన్నిటికీ చిన్న స్టిక్కర్లు అతికించి ఉన్నాయి. మామూళ్లు కట్టే జాతికి ఆత్మగౌరవం లేదని వాటి మీద ఉంది. అతికించింది కొందరు కుర్రాళ్లు. వాళ్ల అద్దియోపిత్సో సంస్థ కట్టని దుకాణాల జాబితా తయారు చేసి, కొనేవాళ్లు అక్కడే కొనేట్టు చేసింది. గ్రాస్సి ఒక్కడు కాబట్టి చంపగలిగారు. వందల దుకాణాలు ఒకే జాబితాలో ఉంటే ఎవర్ని చంపాలి? దీని వెనకున్న లెక్క కూడా దర్యాప్తు జడ్జీల జట్టు లెక్కే.

పది లక్షల సంతకాలతో వచ్చిన 1996 నాటి చట్టం జప్తు ఆస్తుల్ని ప్రజల అవసరాలకే వాడాలంది. కొర్లెయోనె చుట్టుపక్కల మాఫియా పెద్దల పొలాల్లో ఇప్పుడు సహకార సంఘాలు గోధుమ, ద్రాక్ష పండిస్తున్నాయి. 2001లో పెట్టిన ఒక సంఘం పేరు ప్లాచిదో రిత్సోత్తో. భూమి అడిగినందుకు చంపి బిలంలో పడేసిన ఆ కూలీ నాయకుడే. జప్తైన ఇళ్లు, కంపెనీలు చాలా ఏళ్ల తరబడి బ్యాంకు తనఖాల్లో, ఫైళ్లలో మూలుగుతున్న మాటా నిజమే.

ఇంత చేశాక పోయిందా? 1991లో ఇటలీలో దాదాపు 1,900 హత్యలు జరిగాయి. ఇప్పుడు ఏడాదికి నాలుగు వందలు కూడా ఉండవు. అది చిన్న విజయం కాదు. కానీ శవాలు తగ్గితే పత్రికలూ తగ్గుతాయి, పత్రికలు తగ్గితే ఒత్తిడీ తగ్గుతుంది. ఇటలీ దక్షిణ కొసన ఉన్న కలాబ్రియాలో పుట్టిన ఎన్‌డ్రాంగెటా రక్తసంబంధాల మీద నడిచే ముఠా. సొంత తమ్ముడి మీద సాక్ష్యం చెప్పేవాడు అరుదు కాబట్టి అందులో లొంగిపోయేవాళ్లూ తక్కువే. 2023 నవంబర్‌లో ఒకే విచారణలో 207 మందికి శిక్షలు పడ్డాయి, వారిలో ఒక మాజీ పార్లమెంటు సభ్యుడూ ఉన్నాడు. మాఫియా చొరబడిందని తేలిన మున్సిపల్ కౌన్సిళ్లను రద్దు చేసే చట్టం 1991లో వచ్చింది. దాని కింద ఇప్పటికి మూడు వందలకు పైగా రద్దయ్యాయి. 2012లో రెజ్జో కలాబ్రియా నగర కౌన్సిల్ వంతు కూడా వచ్చింది. ముఠాలు ఉన్నచోట ఎంత నష్టమో లెక్కగట్టిన ఒక ఆర్థికవేత్త, పూలియా, బాసిలికాతా ప్రాంతాల్లో తలసరి ఉత్పత్తి, ముఠాలు రాకుండా ఉంటే ఉండాల్సిన దానికంటే 16 శాతం తగ్గిందని అంచనా కట్టాడు. దాన్ని ఎవరూ దోపిడీగా గుర్తించరు. రాని ఫ్యాక్టరీ, దొరకని ఉద్యోగం ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ ఎక్కవు.

2023 జనవరి 16న పలెర్మోలో ఒక ప్రైవేటు క్లినిక్ బయట మత్తెయో మెస్సీనా దెనారోని పట్టుకున్నారు. ముప్పై ఏళ్లుగా పరారీలో ఉన్నవాడు, క్యాన్సర్‌కి వేరే పేరు మీద చికిత్స తీసుకుంటున్నాడు. కొండల్లో ఏమీ దాక్కోలేదు. పుట్టిన ఊరికి కూతవేటు దూరంలో కంపొబెల్లో దీ మజారా అనే ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉండి, సూపర్‌మార్కెట్‌కి వెళ్లి సరుకులు తెచ్చుకునేవాడు. తర్వాత అరెస్టయినవాళ్లలో ఒక డాక్టర్ ఉన్నాడు, ఒక ఆర్కిటెక్ట్ ఉన్నాడు.

ఇది మా బాబాయికి చెప్పాను. ఇప్పుడాయనకి డెబ్బై దాటాయి, ఆ స్థలంలోనే ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ‘ముప్పై ఏళ్లు దాచారంటే ఎంత డబ్బు పోశాడో వాళ్లకి’ అన్నాను. బాబాయి కాసేపు గేటువైపు చూసి, ‘డబ్బే ఇచ్చి ఉండాలని ఏముందిరా, ఎప్పుడో ఏదో పని చేసిపెట్టి ఉంటాడు’ అన్నాడు.